లాగిన్లకు ఒకటి, తిరగడానికి ఒకటి: ప్రైవసీ కోసం ఓపెన్ సోర్స్ బ్రౌజర్ ఎంపిక

మీ బ్రౌజర్‌లో ప్రస్తుతం ఎన్ని సైట్లలో లాగిన్ అయి ఉన్నారో ఒకసారి లెక్కపెట్టి చూడండి. మెయిలు, బ్యాంకు, ఆఫీసు ఖాతా, రెండు మూడు షాపింగ్ సైట్లు, ఒకటో రెండో సోషల్ మీడియా ఖాతాలు. అన్నీ మీ పేరుతో, ఫోన్ నంబరుతో ముడిపడి ఉన్నవే. జబ్బు లక్షణాల గురించి వెతికినా, ఉద్యోగం మారదామని చూసినా, అప్పుల గురించి చదివినా అదే బ్రౌజర్‌లో, ఆ లాగిన్ల పక్కనే చేస్తుంటాం. ప్రైవసీ ఎక్కువగా కారిపోయేది ఇక్కడే. అందుకే "ఏ బ్రౌజర్ మంచిది?" అని అడిగితే మేం ఒక పేరు చెప్పం, రెండు చెబుతాం. లాగిన్ పనులకు ఒక బ్రౌజర్, మిగతా తిరుగుడంతటికీ ఇంకొకటి.

తొందరలో ఉన్నవాళ్ల కోసం ముందే చెప్పేస్తాం. కంప్యూటర్లో లాగిన్లకు ఫైర్‌ఫాక్స్, తిరగడానికి ముల్వాడ్ బ్రౌజర్. క్రోమ్ అలవాటు వదలలేనివాళ్లు ఫైర్‌ఫాక్స్ బదులు బ్రేవ్ పెట్టుకోవచ్చు. ఆండ్రాయిడ్ ఫోన్లో ఫైర్‌ఫాక్స్, దానికి తోడుగా బ్రేవ్. ఐఫోన్లో బ్రేవ్. ఎవరికీ ఆచూకీ దొరకకూడదన్నంత అవసరం ఉంటే, మీ ఐపీ అడ్రస్‌ను (ఇంటర్నెట్లో మీ కనెక్షన్ చిరునామా) కూడా దాచే టోర్ బ్రౌజర్ ఒక్కటే. ఎందుకో ఇప్పుడు చూద్దాం.

ఎవరి కంటి నుంచి తప్పుకోవాలి

చూసేవాళ్లు నాలుగు రకాలు. ఒక్కొక్కరి చూపును ఆపే ఉపాయం వేరు. వీటిని కలగలిపేసుకోవడం వల్లే చాలామంది ఎంపికలో పొరపాటు పడతారు.

మొదటివాళ్లు ప్రకటనల ట్రాకర్లు. మీరు చూసే వార్తల సైట్లోనూ, షాపింగ్ సైట్లోనూ ఒకే ప్రకటన సంస్థ కోడ్ ముక్క ఉంటే, అది రెండుచోట్లా ఒకే కుకీని (సైట్ మీ బ్రౌజర్‌లో దాచిపెట్టే చిన్న గుర్తు) చదివి "వీళ్లిద్దరూ ఒకరే" అని గుర్తుపడుతుంది. దీనికి విరుగుడు సులువు: ఏ సైట్ కుకీ ఆ సైట్ డబ్బాలోనే ఉంచడం. సఫారీ 2020లోనే థర్డ్ పార్టీ కుకీలన్నిటినీ, అంటే మీరు తెరిచిన సైట్ కాక బయటివాళ్లు పెట్టేవాటిని, ఆపేసింది. ఫైర్‌ఫాక్స్ 2022 జూన్ నుంచి ప్రతి సైట్‌కీ విడి డబ్బా పద్ధతిని అందరికీ డిఫాల్ట్ చేసింది. క్రోమ్ మాత్రం ఎన్నో ఏళ్లు వాయిదా వేస్తూ వచ్చి, 2024 జులైలో ఆ ఆలోచననే పక్కనబెట్టింది.

రెండోది ఫింగర్‌ప్రింటింగ్. కుకీ ఏదీ పెట్టకుండానే మీ స్క్రీన్ కొలతలు, టైమ్‌జోన్, ఫాంట్లు, గ్రాఫిక్స్ చిప్ బొమ్మ గీసే తీరు, భాషల వరుస అన్నీ కలిపి ఒక ముద్ర తయారు చేస్తారు. ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ 2010లో సుమారు 4,70,000 బ్రౌజర్లను పరీక్షించినప్పుడు 83.6 శాతం బ్రౌజర్ల ముద్ర మరొకదానితో కలవనే లేదు. తెలుగులో వెబ్ వాడేవాళ్లు ఇక్కడ ఒక సంగతి గమనించాలి. బ్రౌజర్ ప్రతి సైట్‌కీ "నాకు ముందు తెలుగు, తర్వాత ఇంగ్లిషు" అని భాషల వరుస పంపుతుంది. అలా పంపేవాళ్లు ప్రపంచంలో తక్కువమంది కాబట్టి ఆ ఒక్క వరుసే మిమ్మల్ని గుంపులోంచి పక్కకు తీస్తుంది.

మూడోవాళ్లు మీ ఇంటర్నెట్ కంపెనీ, వైఫై యజమాని. వీళ్ల నుంచి బ్రౌజర్ పూర్తిగా కాపాడలేదు. హెచ్‌టీటీపీఎస్ (సైట్‌కీ మీకూ మధ్య రహస్య భాషలో సాగే కనెక్షన్) వల్ల మీరు చదివే పేజీ వాళ్లకు కనపడదు కానీ, ఏ సైట్‌కి వెళ్లారో తెలుస్తుంది. సైట్ పేరును దాని చిరునామాగా మార్చే డీఎన్‌ఎస్ ప్రశ్నలను కూడా అలాగే దాచి పంపే డీఎన్‌ఎస్ ఓవర్ హెచ్‌టీటీపీఎస్ పెట్టుకుంటే ఆ సమాచారం కొంత దాగుతుంది. కానీ అప్పుడు నమ్మాల్సినది ఇంటర్నెట్ కంపెనీ బదులు ఆ డీఎన్‌ఎస్ నడిపే సంస్థ, అంతే తేడా. సైట్ల నుంచి మీ ఐపీ అడ్రస్‌ను దాచడమే పనిగా ఉన్నది టోర్ బ్రౌజర్.

నాలుగోవాళ్లు బ్రౌజర్ తయారుచేసినవాళ్లే. టెలిమెట్రీ (మీ వాడకం వివరాలు సంస్థకు పంపడం), అడ్రస్ బార్లో కొట్టే అక్షరాలు సెర్చ్ సంస్థకు వెళ్లడం, క్రాష్ రిపోర్టులు ఈ కోవలోవి.

ఇక ప్రైవేట్ విండో లేదా ఇన్‌కాగ్నిటో ముఖ్యంగా ఈ నలుగురి నుంచి కాపాడటానికి చేసింది కాదు. అదే కంప్యూటర్ వాడే ఇంట్లోవాళ్ల కంట హిస్టరీ పడకుండా ఉండేందుకు చేసింది. ఆ పని బాగానే చేస్తుంది.

ఓపెన్ సోర్స్ అన్న మాట ఎంతవరకు నమ్మొచ్చు

కోడ్ అందరికీ కనిపించడం అవసరమే కానీ, అదొక్కటే సరిపోదు. క్రోమియం ఓపెన్ సోర్స్. దానిమీద కట్టిన క్రోమ్, ఎడ్జ్ కావు. వివాల్డీలో కూడా అడుగున క్రోమియమే ఉన్నా, పైన కనిపించే ఇంటర్‌ఫేస్ కోడ్ ఓపెన్ సోర్స్ లైసెన్సు కింద లేదు. ఫైర్‌ఫాక్స్, బ్రేవ్ రెండూ మొజిల్లా పబ్లిక్ లైసెన్సు 2.0 కింద ఉన్నాయి.

దీన్ని మించిన ప్రశ్న ఇంకొకటి ఉంది: మీరు డౌన్‌లోడ్ చేసుకున్న ఫైలు నిజంగా ఆ కోడ్‌నుంచే తయారైందా? టోర్ బ్రౌజర్ దీనికి గట్టి జవాబు ఇస్తుంది. దాని కోడ్‌ను ఎవరు బిల్డ్ చేసినా అక్షరం తేడా లేకుండా అదే ఫైలు వచ్చేలా బిల్డ్ పద్ధతి కట్టారు. క్రోమియంలోంచి గూగుల్ భాగాలు తీసేసిన అన్‌గూగుల్డ్ క్రోమియం దీనికి రెండో కొసన ఉంటుంది. దాని సిద్ధంగా ఉన్న ఫైళ్లు చాలావరకు వలంటీర్లు తమ మిషన్లలో బిల్డ్ చేసి పెట్టినవి. కోడ్‌తో పాటు ఆ వ్యక్తినీ నమ్మాలి.

అన్నిటికంటే మేం ఎక్కువ బరువిచ్చేది అప్‌డేట్ వేగానికి. 2023 సెప్టెంబరులో లిబ్‌వెబ్‌పీ అనే బొమ్మలు విప్పే లైబ్రరీలో లోపం బయటపడింది. ఒక బొమ్మ తెరిస్తే చాలు, దాడికి దారి దొరికే లోపం అది. అప్పటికే దాన్ని వాడి దాడులు జరుగుతున్నాయి. క్రోమ్ 11న, ఫైర్‌ఫాక్స్ 12న సవరణ విడుదల చేశాయి. ఆ రోజునుంచి లోపం ఎక్కడుందో లోకమంతటికీ తెలుసు, సవరణ అందని బ్రౌజర్లు మాత్రం తలుపు తెరిచి కూర్చున్నట్టే. పెద్ద ప్రాజెక్టు నుంచి చీలిన చిన్న బ్రౌజర్‌ను ఎంచుకునే ముందు దాని రిలీజుల పేజీ తెరిచి, అసలు బ్రౌజర్ వెర్షన్ వచ్చిన ఎన్ని రోజులకు ఇది వచ్చిందో గత నాలుగైదు రిలీజులు పోల్చి చూడండి. ఒకటి రెండు రోజులైతే మంచిదే. వారం దాటుతుంటే ఎంత ముచ్చటైన సెట్టింగ్స్ ఉన్నా వద్దు.

ఇంజన్ తేడా ఎందుకు పట్టించుకోవాలి

బ్రౌజర్ పేర్లు ఎన్ని ఉన్నా లోపలి ఇంజన్లు ముఖ్యంగా మూడే. ఫైర్‌ఫాక్స్ కుటుంబానిది గెకో, క్రోమియం కుటుంబానిది బ్లింక్, సఫారీది వెబ్‌కిట్.

ఈ తేడా ప్రకటనలు ఆపే ఎక్స్‌టెన్షన్ల దగ్గర బయటపడుతుంది. పేజీ ఏదైనా ఫైలు అడిగినప్పుడల్లా ఎక్స్‌టెన్షన్ మధ్యలో నిలబడి "ఇది వెళ్లనివ్వను" అనే అధికారం పాత పద్ధతిలో ఉండేది. గూగుల్ తెచ్చిన మేనిఫెస్ట్ వెర్షన్ 3లో ఎక్స్‌టెన్షన్ ముందే ఒక నియమాల జాబితా ఇచ్చి ఊరుకోవాలి, నిర్ణయం బ్రౌజర్‌ది. 2024 నుంచి క్రోమ్ దశలవారీగా పాత పద్ధతిని తీసేస్తూ వచ్చి, 2025లో పూర్తిగా ఆపేసింది. దాంతో పేరున్న బ్లాకర్ యూబ్లాక్ ఆరిజిన్ క్రోమ్‌లో పనిచేయడం మానేసింది. దాని స్థానంలో ఉన్న యూబ్లాక్ ఆరిజిన్ లైట్ మామూలు ప్రకటనలకు చాలుతుంది. కానీ అసలుదానిలో ఉన్నంత పట్టు అందులో లేదు. ఫైర్‌ఫాక్స్ పాత అధికారాన్ని అలాగే ఉంచింది. బ్రేవ్ వేరే దారి పట్టింది. దాని బ్లాకర్ ఎక్స్‌టెన్షన్ కాదు, బ్రౌజర్ లోపలే రస్ట్ భాషలో రాసి పెట్టిన భాగం. కాబట్టి ఎక్స్‌టెన్షన్ నియమాలు మారినా దానికి నష్టం లేదు.

ఫైర్‌ఫాక్స్: లాగిన్ల బ్రౌజర్‌గా మొదటి ఎంపిక

దీన్ని డౌన్‌లోడ్ చేసినది చేసినట్టు వాడితే ప్రైవసీ ఒక మోస్తరుగా ఉంటుంది. పది నిమిషాలు కూర్చుని సర్దితే చాలా బాగుంటుంది. మేం సర్దే వరుస ఇది.

సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ తెరవండి. ట్రాకింగ్ ప్రొటెక్షన్‌ను స్టాండర్డ్ నుంచి స్ట్రిక్ట్‌కి మార్చండి. స్టాండర్డ్‌లో ట్రాకర్ల స్క్రిప్టులు ప్రైవేట్ విండోలోనే ఆగుతాయి, స్ట్రిక్ట్‌లో అన్ని విండోల్లోనూ ఆగుతాయి. లింకుల చివర తగిలించి పంపే గుర్తింపు తోకలను కూడా స్ట్రిక్ట్ కత్తిరిస్తుంది. అదే పేజీలో కిందికి వెళ్తే హెచ్‌టీటీపీఎస్ ఓన్లీ మోడ్ ఉంటుంది, అన్ని విండోలకూ పెట్టండి. డేటా కలెక్షన్ అన్న భాగంలో ఉన్న టిక్కులన్నీ తీసేయండి. తర్వాత హోమ్ భాగంలో స్పాన్సర్డ్ షార్ట్‌కట్లు, స్పాన్సర్డ్ కథనాలు ఆపండి. సెర్చ్ భాగంలో అడ్రస్ బార్ సూచనలలోని స్పాన్సర్లవి ఆపి, డిఫాల్ట్ సెర్చ్ గూగుల్ నుంచి డక్‌డక్‌గోకి మార్చండి. మొజిల్లా ఆదాయంలో పెద్ద వాటా గూగుల్‌ను డిఫాల్ట్ సెర్చ్‌గా ఉంచినందుకు వచ్చేదే కాబట్టి, ఈ మార్పు మీ చేతులతో మీరే చేసుకోవాలి.

ఇప్పుడు యూబ్లాక్ ఆరిజిన్ వేసుకోండి. పేరులో ఆరిజిన్ అన్న మాట ఉందా, తయారీదారు రేమండ్ హిల్ అని ఉందా చూసుకోండి. ఒట్టి యూబ్లాక్ అన్న పేరుతో ఉన్నది వేరే వాళ్లది. వేసుకున్నాక ఫిల్టర్ జాబితాలు ఇంకా నాలుగు కలుపుదామని అనిపిస్తుంది, కలపకండి. డిఫాల్ట్‌గా వచ్చేవి చాలు. జాబితాలు పెరిగేకొద్దీ పేజీలు విరగడం పెరుగుతుంది తప్ప ప్రైవసీ ఆ మేరకు పెరగదు. దీని పక్కన ఇంకో బ్లాకర్ పెట్టడం అసలే వద్దు. ఒకటి ఆపినదాన్ని ఇంకొకటి సగం వదిలి, ఏది ఎందుకు పాడైందో తేల్చలేని స్థితి వస్తుంది. పాత సలహాల్లో కనిపించే హెచ్‌టీటీపీఎస్ ఎవ్రీవేర్ 2023లో ఆగిపోయింది. ఆ పనిని ఇప్పుడు బ్రౌజరే చేస్తుంది. డు నాట్ ట్రాక్ టిక్కు కోసం వెతక్కండి, సైట్లు దాన్ని పట్టించుకోవడం లేదని ఫైర్‌ఫాక్సే తీసేసింది.

కంటైనర్ల ఎక్స్‌టెన్షన్ గురించి చాలా చోట్ల గొప్పగా రాస్తారు. సైట్‌కో డబ్బా పద్ధతి వచ్చాక ట్రాకింగ్ ఆపడానికి దాని అవసరం బాగా తగ్గింది. ఒకే సైట్లో రెండు ఖాతాలు పక్కపక్కన తెరిచి ఉంచాల్సినవాళ్లకు మాత్రం ఇప్పటికీ అంత చక్కటి పరికరం మరోటి లేదు.

ఫైర్‌ఫాక్స్ బలహీనత ఏమిటంటే ఫింగర్‌ప్రింటింగ్. స్ట్రిక్ట్ మోడ్ తెలిసిన ఫింగర్‌ప్రింటింగ్ స్క్రిప్టులను ఆపుతుంది, అయినా మీ ముద్ర ప్రత్యేకంగా మిగిలిపోయే అవకాశం ఉంది. లాగిన్ల బ్రౌజర్‌లో ఇది పెద్ద లోటు కాదు, ఎందుకంటే అక్కడ సైట్‌కి మీ పేరే తెలుసు.

బ్రేవ్: సర్దుబాటు తక్కువ, చెత్త తీయాల్సిన పని ఎక్కువ

ఏ సెట్టింగూ ముట్టుకోని మనిషికి ఒక్క బ్రౌజర్ ఇవ్వాలంటే మేం ఇచ్చేది బ్రేవే. వేసిన నిమిషంనుంచే ప్రకటనలు, ట్రాకర్లు ఆగుతాయి. ఫింగర్‌ప్రింటింగ్ మీద దాని పద్ధతి తెలివైనది. అందరూ ఒకేలా కనిపించేలా చేయడం బదులు, సైట్ మారినప్పుడూ బ్రౌజర్ మూసి తెరిచినప్పుడూ కాన్వాస్ (పేజీలో బొమ్మలు గీసే భాగం), ఆడియో వంటి విలువలను కొద్ది కొద్దిగా మార్చేస్తుంది. నిన్నటి ముద్రా ఇవాళ్టి ముద్రా కలవవు. దీనివల్ల సైట్లు విరగడం తక్కువ. క్రోమియం ఆధారమే కాబట్టి క్రోమ్ ఎక్స్‌టెన్షన్లూ, క్రోమ్‌ను మనసులో పెట్టుకుని కట్టిన ఆఫీసు సైట్లూ నడుస్తాయి. సింక్‌కి ఖాతా అక్కర్లేదు, మాటల గొలుసు ఒకటి ఇస్తుంది. దాన్ని రెండో పరికరంలో కొడితే చాలు. ఆ గొలుసు ఎవరికి చిక్కితే వాళ్లకు మీ డేటా చిక్కినట్టే కాబట్టి, ఫొటో తీసి ఫోన్లో వదిలేయకండి.

ఇక చెత్త సంగతి. కొత్త ట్యాబ్‌లో స్పాన్సర్డ్ బొమ్మలు, రివార్డ్స్, క్రిప్టో వాలెట్, వార్తలు, ఏఐ సహాయకుడు, వీపీఎన్ అమ్మకం అన్నీ ఎదురవుతాయి. కొత్త ట్యాబ్ పేజీలో కింద ఉండే కస్టమైజ్ నుంచి బొమ్మలూ వార్తలూ ఆపండి. టూల్‌బార్ మీద ఒక్కో గుర్తుమీద కుడి క్లిక్ చేసి దాచండి. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద డేటా కలెక్షన్ తెరిచి అక్కడున్నవన్నీ ఆపండి. షీల్డ్స్ భాగంలో ట్రాకర్ల బ్లాకింగ్‌ను అగ్రెసివ్‌కి, హెచ్‌టీటీపీఎస్‌ను స్ట్రిక్ట్‌కి మార్చండి. బ్రేవ్ చరిత్రలో ఒక మచ్చ ఉంది, దాచడం న్యాయం కాదు. 2020లో కొన్ని క్రిప్టో సైట్ల అడ్రసు కొడితే దాని చివర తన కమిషన్ కోడ్ కలిపేదని బయటపడింది. సంస్థ క్షమాపణ చెప్పి సరిచేసింది. కోడ్ అందరి కళ్లముందూ ఉన్నా అలాంటిది జరగొచ్చని గుర్తుంచుకోవాలి.

బ్రేవ్‌లో టోర్ విండో కూడా ఉంది. ఐపీ దాగుతుంది కానీ, టోర్ బ్రౌజర్ వాడేవాళ్ల గుంపులో మీరు కలవరు. నిజంగా ప్రాణం మీదికి వచ్చే అవసరం ఉంటే టోర్ బ్రౌజరే వాడమని బ్రేవ్ కూడా చెబుతుంది.

లిబ్రేవుల్ఫ్: చక్కటిదే, దేనితో జతకట్టాలో తెలియాలి

ఫైర్‌ఫాక్స్‌ను టెలిమెట్రీ తీసేసి, యూబ్లాక్ ఆరిజిన్ కలిపి, గట్టి సెట్టింగ్స్‌తో ఇచ్చేది లిబ్రేవుల్ఫ్. పైన చెప్పిన సర్దుబాటు అంతా చేయనక్కర్లేదన్నది దాని సుఖం. కష్టాలు ఏమిటో తెలుసుకుని వేసుకుంటే నిరాశ ఉండదు.

మూయగానే కుకీలు తుడిచేస్తుంది కాబట్టి ప్రతిరోజూ మళ్లీ లాగిన్ కావాలి. ఉండాల్సిన సైట్లను కుకీల మినహాయింపుల్లో చేర్చుకోవాలి. టైమ్‌జోన్ దాచి యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) చూపిస్తుంది కాబట్టి వెబ్ మెయిల్లో, క్యాలెండర్లో గంటలు తేడాగా కనిపిస్తాయి. మీటింగ్ తప్పిపోయాక గాని కొంతమందికి ఇది తెలియదు. డార్క్ థీమ్ పెట్టుకున్నా సైట్లు తెల్లగానే వస్తాయి. ఒక సైట్‌కి పెట్టిన జూమ్ గుర్తుండదు. డీఆర్‌ఎం (వీడియోలు కాపీ కాకుండా చూసే తాళం) ఆపి ఉంటుంది కాబట్టి డబ్బు కట్టి చూసే సినిమాల సైట్లు నడవవు.

అందరినీ బెదరగొట్టేది కాన్వాస్ తంటా. ప్రొఫైల్ ఫొటో పెట్టబోతే, కత్తిరించే పెట్టెలో మీ ముఖం బదులు రంగు రంగుల నిలువు గీతలు కనిపిస్తాయి. ఫైలు పాడైందనుకుని మళ్లీ మళ్లీ ఎక్కిస్తారు. ఫైలుకి ఏమీ కాలేదు. సైట్ ఆ బొమ్మను కాన్వాస్‌లో చదవబోతే బ్రౌజర్ అసలు విలువల బదులు గందరగోళం ఇచ్చింది, అంతే. అడ్రస్ బార్ ఎడమ పక్కన చిన్న బొమ్మ గుర్తు వస్తుంది. దాన్ని నొక్కి ఆ సైట్‌కి అనుమతి ఇచ్చి, పేజీ రీలోడ్ చేసి, ఫొటో మళ్లీ ఎక్కించండి.

ప్రమాదకర సైట్లు తెరవబోతే హెచ్చరించే గూగుల్ సేఫ్ బ్రౌజింగ్ కూడా లిబ్రేవుల్ఫ్‌లో ఆపి ఉంటుంది. మాకు ఇది పూర్తిగా నచ్చిన నిర్ణయం కాదు. ఫైర్‌ఫాక్స్ ఆ ప్రమాదకర సైట్ల జాబితాను మీ కంప్యూటర్‌కే తెచ్చుకుని పోలుస్తుంది, మీరు వెళ్లే ప్రతి అడ్రసూ గూగుల్‌కి చెప్పదు. దొంగ లాగిన్ పేజీలు గుర్తుపట్టలేని పెద్దవాళ్ల కంప్యూటర్లో లిబ్రేవుల్ఫ్ పెట్టేటప్పుడు దీన్ని ఆన్ చేసి ఇవ్వండి. విండోస్‌లో ఇన్‌స్టాల్ చేసేటప్పుడే అప్‌డేటర్ కూడా ఎంచుకోండి. బ్రౌజర్ దానంతటది అప్‌డేట్ అవుతుందని వదిలేస్తే నెలల తరబడి పాతదే నడుస్తుంటుంది.

ముల్వాడ్, టోర్: గుంపులో కలిసిపోయేవి

తిరుగుళ్లకు ముల్వాడ్ బ్రౌజర్ అని మొదట్లోనే చెప్పాం. 2023 ఏప్రిల్లో టోర్ ప్రాజెక్టు, ముల్వాడ్ వీపీఎన్ సంస్థ కలిసి విడుదల చేశాయి. టోర్ బ్రౌజర్లో ఫింగర్‌ప్రింటింగ్‌కి ఎదురుగా ఉన్న ఏర్పాట్లన్నీ ఇందులో ఉన్నాయి, టోర్ నెట్‌వర్క్ మాత్రం లేదు. కాబట్టి వేగం మామూలే. ముల్వాడ్ వీపీఎన్ కొనకపోయినా ఉచితంగా వాడుకోవచ్చు, కానీ ఏ వీపీఎన్ లేకపోతే మీ ఐపీ సైట్లకు కనిపిస్తుంది.

దీని సూత్రం బ్రేవ్‌కి వ్యతిరేకం: వాడేవాళ్లందరూ ఒకేలా కనిపించాలి. అందుకే విండో పెద్దది చేస్తే పేజీ చుట్టూ బూడిద రంగు అంచు వస్తుంది. పేజీ వెడల్పు 200 పిక్సెళ్ల లెక్కన, ఎత్తు 100 పిక్సెళ్ల లెక్కన సర్దుకోవడం వల్ల మిగిలిన ఖాళీ అది. చూడటానికి బాగోలేదని చాలామంది తీసేస్తారు. తీసేస్తే మీ స్క్రీన్ కొలత బయటపడుతుంది. సొంత ఎక్స్‌టెన్షన్ కలిపినా, ఫాంట్ మార్చినా ఫలితం అదే: గుంపులో మీరొక్కరే వేరే చొక్కా వేసుకున్నట్టు. ఇంగ్లిషు పేజీలనే అడగమంటారా అని బ్రౌజర్ అడిగితే సరే అనండి. తెలుగు చదవడానికి దానివల్ల అడ్డేమీ లేదు, భాషల వరుసలోంచి తెలుగు తప్పుకుంటుంది, అంతే. ఇది కంప్యూటర్లకే ఉంది, ఫోన్లకు లేదు. మూయగానే అంతా తుడుచుకుపోతుంది. తిరిగే బ్రౌజర్‌కి కావలసింది అదే. ఇందులో ఏ ఖాతాలోకీ లాగిన్ కావద్దు. ఒక్కసారి అయినా ఆ సెషన్‌కి మీ పేరు అంటుకున్నట్టే, మూసి మళ్లీ తెరవండి.

టోర్ బ్రౌజర్లో మీ ట్రాఫిక్ మూడు రిలేలు (మధ్యలో నిలిచే సర్వర్లు) దాటి వెళ్తుంది. మొదటి రిలేకి మీరెవరో తెలుసు, ఎక్కడికో తెలియదు. చివరిదానికి ఎక్కడికో తెలుసు, ఎవరో తెలియదు. ఆ భద్రతకు ధర నెమ్మది, పదే పదే క్యాప్చాలు. బ్యాంకు లాగిన్ టోర్‌లో చేయకండి. నిమిషానికో దేశం నుంచి వచ్చినట్టు కనిపించి ఖాతా లాక్ అయ్యే అవకాశం ఎక్కువ, పైగా బ్యాంకుకు మీరెవరో తెలిసే ఉంటుంది. సెక్యూరిటీ లెవెల్ సేఫెస్ట్‌లో పెడితే జావాస్క్రిప్ట్ ఆగిపోయి చాలా సైట్లు తెల్ల కాగితాల్లా మిగులుతాయి. మామూలు చదువుకు సేఫర్ చాలు. టోర్‌ను అడ్డుకునే నెట్‌వర్క్‌లో ఉంటే కనెక్షన్ సెట్టింగ్స్‌లో బ్రిడ్జి (బయటికి ప్రకటించని ప్రవేశ దారి) ఎంచుకోండి, వాటిలో ముందు స్నోఫ్లేక్ ప్రయత్నించండి.

అన్‌గూగుల్డ్ క్రోమియం గురించి రెండు మాటలు. గూగుల్‌తో మాట్లాడే భాగాలన్నీ తీసేస్తుంది, అప్‌డేట్లు మీరే చూసుకోవాలి, ట్రాకర్లను తానుగా ఆపదు. సొంతంగా ప్యాకేజీలు నిర్వహించుకునేవాళ్లకు సరే, మిగతావాళ్లకు మేం చెప్పం.

ఫోన్లో

ఆండ్రాయిడ్‌లో ఫైర్‌ఫాక్స్ యూబ్లాక్ ఆరిజిన్‌ను పూర్తి బలంతో నడుపుతుంది. లాగిన్లకు ఇదీ, తిరగడానికి బ్రేవ్ పెట్టుకోండి. బ్రేవ్‌లో "సైట్ మూయగానే నన్ను మరిచిపో" అన్న సదుపాయాన్ని అన్ని సైట్లకూ ఆన్ చేయండి. ఇంకాస్త గట్టిది కావాలంటే ఫైర్‌ఫాక్స్ వైపు ఐరన్‌ఫాక్స్, క్రోమియం వైపు క్రోమైట్ ఉన్నాయి. మల్, బ్రోమైట్ అన్న పేర్లు పాత సలహాల్లో దొరికితే వదిలేయండి, రెండూ ఆగిపోయాయి. ప్రైవసీ కోసం మార్చిన ఆండ్రాయిడ్ అయిన గ్రాఫీన్ ఓఎస్ వాడేవాళ్లకు దానితో వచ్చే వనేడియం చాలు. టోర్ బ్రౌజర్‌కి ఆండ్రాయిడ్ యాప్ ఉంది.

ఐఫోన్లో ఆపిల్ నియమం ప్రకారం బ్రౌజర్లన్నీ వెబ్‌కిట్ మీదే నడవాలి. 2024లో యూరోపియన్ యూనియన్లో, 2025 చివర్లో జపాన్లో మాత్రం సడలించారు. కాబట్టి మన ఐఫోన్లో ఫైర్‌ఫాక్స్ వేసినా అది లోపల ఫైర్‌ఫాక్స్ కాదు, యూబ్లాక్ ఆరిజిన్ రాదు. బ్లాకర్ లోపలే ఉండటం వల్ల ఐఫోన్లో బ్రేవ్‌కి మొగ్గు. టోర్ కావాలంటే టోర్ ప్రాజెక్టు సూచించేది ఆనియన్ బ్రౌజర్.

సైట్ పాడైనప్పుడు

అన్నీ ఒకేసారి ఆపేయడం అందరూ చేసే తప్పు. సైట్ నడుస్తుంది కానీ ఏది అడ్డుపడిందో తెలియదు, ఆపినవి ఆపినట్టే ఉండిపోతాయి. ఒక్కొక్కటే ఆపి రీలోడ్ చేయండి. ముందు యూబ్లాక్ గుర్తు నొక్కి, పెద్ద పవర్ గుర్తుతో ఆ సైట్‌కి మాత్రం ఆపండి. కుదరకపోతే దాన్ని మళ్లీ ఆన్ చేసి, అడ్రస్ బార్ పక్కనున్న షీల్డ్ ఆపండి. "గూగుల్‌తో లాగిన్" వంటి బటన్లు, డబ్బు కట్టే పేజీలు ఎక్కువగా ఈ రెండో మెట్టు దగ్గరే తెరుచుకుంటాయి. చెల్లింపు మధ్యలో రీలోడ్ కొట్టొద్దు. అలాంటి సైట్‌కి ముందే షీల్డ్ ఆపుకుని, మొదటినుంచి మొదలుపెట్టండి.

కవర్ యువర్ ట్రాక్స్ అన్న పరీక్ష పేజీలో మీ బ్రౌజర్ చూసుకోవచ్చు. ఫలితం చదవడంలో జాగ్రత్త. బ్రేవ్‌కి ముద్ర రాండమైజ్డ్ అని వస్తే అది మంచి ఫలితమే. ఫైర్‌ఫాక్స్‌కి యూనిక్ అని వచ్చిందని గాభరాపడి పది సెట్టింగ్స్ మార్చకండి. మార్చిన ప్రతిదీ మిమ్మల్ని ఇంకా వేరుగా చూపిస్తుంది.

పాత బ్రౌజర్ నుంచి మారే రోజు

బుక్‌మార్కులను హెచ్‌టీఎంఎల్ ఫైలుగా ఎగుమతి చేసి కొత్తదానిలోకి తెచ్చుకోండి. పాస్‌వర్డ్‌లను మాత్రం కొత్త బ్రౌజర్‌లో పెట్టొద్దు, బిట్‌వార్డెన్, కీపాస్ఎక్స్‌సీ వంటి పాస్‌వర్డ్ మేనేజర్లోకి తీసుకెళ్లండి. రెండు బ్రౌజర్లు వాడబోతున్నారు కాబట్టి పాస్‌వర్డ్‌లు ఏ ఒక్కదానికీ కట్టుబడి ఉండకూడదు. ఎగుమతిలో వచ్చే సీఎస్‌వీ ఫైలులో పాస్‌వర్డ్‌లన్నీ ఎవరైనా చదవగలిగే అక్షరాల్లో ఉంటాయి. డౌన్‌లోడ్స్ ఫోల్డర్ క్లౌడ్‌కి సింక్ అవుతుంటే ముందు దాన్ని ఆపండి. పని అయ్యాక ఫైలును తీసేసి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయండి.

రెండు బ్రౌజర్లకూ టాస్క్‌బార్లో వేరే వేరే చోట్లు ఇవ్వండి. మెయిల్లో వచ్చే లింకులు నొక్కితే తెరుచుకునే డిఫాల్ట్‌గా తిరిగే బ్రౌజర్‌ను పెట్టండి, లాగిన్లదాన్ని కాదు. తెలియని లింకు నొక్కినా అక్కడ మీ ఖాతా ఏదీ తెరిచి ఉండదు. రెండు వారాలు గడిచాక పాత బ్రౌజర్‌లో ఖాతాలన్నిటినుంచీ లాగౌట్ అయి, సింక్ ఆపి, సర్వర్లో ఉన్న సింక్ డేటా తుడిచి, ఆ తర్వాతే అన్‌ఇన్‌స్టాల్ చేయండి. ముందే అన్‌ఇన్‌స్టాల్ చేస్తే కంప్యూటర్లో పోతుంది కానీ, సర్వర్లో ఉన్నది అక్కడే ఉంటుంది.